కొసరు కథ: రోచ్‌డేల్ దుకాణం నుండి క్రెడిట్ కార్డు దాకా

కూరగాయలు కొన్నా, పప్పు కొన్నా, తూకం పూర్తయిన తర్వాత చేతికందినంత కొసరు వేయించుకోవడం మన ఇళ్ళల్లో తరతరాల అలవాటు. కిలో వంకాయలకు రెండు కాయలు, ఆకుకూరకు ఒక కొత్తిమీర రెమ్మ. అసలు కంటే కొసరే ముద్దు అన్న మాట ఊరికే పుట్టలేదు. ఈనాడు క్రెడిట్ కార్డు వారు ఇస్తున్న క్యాష్‌బ్యాక్, రివార్డు పాయింట్లు కూడా ఈ కొసరు జాతివే. తేడా ఒక్కటే. కూరగాయల కొసరు ఎవరి గంపలోనుండి వచ్చిందో మన కళ్ళెదుటే కనిపిస్తుంది. కార్డు కొసరు ఎవరి గంపలోనిదో కనిపించదు.

లైఫ్ సర్టిఫికెట్ పనిమీదో, ఫిక్సెడ్ డిపాజిట్ తిరగరాయించుకోవడానికో బ్యాంకుకు వెళ్ళిన మన సభ్యులను ఈమధ్య కౌంటరు దగ్గరే ఆపి కార్డు తీసుకోమంటున్నారు. "ఏ కార్డు మంచిదండీ?" అని సంఘ కార్యాలయంలో నన్ను అడిగినవారు కూడా ఉన్నారు. సర్వీసులో ఎక్కువ కాలం ఎకౌంట్సు సెక్షన్‌లో బిల్లులు చూసినవాణ్ణి కనుక నాకు తెలిసి ఉంటుందని వారి ఉద్దేశం. ఫలానా కార్డు అని పేరు చెప్పడం వలన ప్రయోజనం లేదు. ఈ ఏడాది ఉన్న షరతు వచ్చే ఏడాది ఉండదు. దానికి బదులు ఈ కొసరు ఎక్కడ పుట్టి, ఎవరి సొమ్ముతో పెరిగి మన దాకా వచ్చిందో తెలుసుకుంటే ఎవరి కార్డు వారే ఎంచుకోగలరు. కనుక ఈ ప్రత్యేక సంచికకు ఆ చరిత్రే రాస్తున్నాను.

అప్పు లేనివారికే కొసరు

ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర రోచ్‌డేల్ అని ఒక మిల్లుల ఊరు ఉంది. 1844 డిసెంబరు 21న అక్కడి నేతపనివారు, ఇతర చిన్న వృత్తులవారు, మొత్తం 28 మంది కలిసి ఒక దుకాణం తెరిచారు. వెన్న, పంచదార, పిండి, ఓట్సు పిండి, కొవ్వొత్తులు, ఇవే సరుకులు. అప్పటి దుకాణాలలో కల్తీ ఎక్కువ, అరువుకు కొన్నవాడికి ధర ఎక్కువ. ఈ 28 మంది పెట్టుకున్న నియమాలలో రెండు మనకు ముఖ్యం. మొదటిది, లాభం మిగిలితే అది వాటా సొమ్మును బట్టి కాక, ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన సభ్యులకు తిరిగి పంచాలి. రెండవది, అరువు బేరం లేదు, అంతా రొక్కమే.

అంటే కొన్న దానిమీద కొంత వెనక్కు ఇచ్చే పద్ధతికి పేరున్న తొలి ఉదాహరణ అప్పు చేయనివాడికి దక్కింది. ఆ సొమ్ము కూడా కొన్నవాడిదే. ధరలో ఎక్కువ తీసుకున్నది లెక్క చూసి తిరిగి ఇచ్చారు, అంతే. ఈ సహకార పద్ధతి మన దేశానికి త్వరగానే వచ్చింది. తెలుగు జిల్లాలకు కూడా రాజధానిగా ఉన్న మద్రాసులో 1904లోనే ట్రిప్లికేన్ అర్బన్ కో-ఆపరేటివ్ సొసైటీ వెలిసింది. మనలో చాలామంది ఉద్యోగుల కో-ఆపరేటివ్ స్టోర్సులో సభ్యులుగా ఉండి, పంచదార, కిరసనాయిలు, నోటు పుస్తకాల కోసం క్యూలో నిలబడినవారే. ఏడాది చివర కొనుగోళ్ళ మీద రిబేటు అని కొద్ది రూపాయలు చేతికి వచ్చిన స్టోర్సులు ఉన్నాయి, ఆడిట్ అభ్యంతరాలు తప్ప ఏమీ మిగలనివీ ఉన్నాయి.

ఆకుపచ్చ స్టాంపులు

కొసరును వ్యాపారంగా మార్చినది అమెరికా. 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే కంపెనీ ఒక కొత్త పని మొదలుపెట్టింది. ఈ కంపెనీ సరుకులు అమ్మదు. చిన్న చిన్న ఆకుపచ్చ స్టాంపులు అచ్చువేసి దుకాణదారులకు అమ్ముతుంది. దుకాణదారుడు తన దగ్గర కొన్నవారికి పది సెంట్లకు ఒకటి చొప్పున ఆ స్టాంపులు ఉచితంగా ఇస్తాడు. ఇంటి ఇల్లాలు వాటిని పుస్తకంలో అంటించుకుంటుంది. ఒక పుస్తకానికి 1,200 స్టాంపులు. అంటే 120 డాలర్ల సరుకు కొంటే గాని ఒక పుస్తకం నిండదు. నిండిన పుస్తకాలు పట్టుకుని కంపెనీ కేంద్రానికి వెళితే దుప్పటో, దీపమో, గిన్నెల సెట్టో ఇస్తారు. 1960లలో ఇది అమెరికా అంతటా మహా జోరుగా సాగింది.

దుకాణదారుడికి ఈ స్టాంపుల ఖర్చు అమ్మకాలలో సుమారు రెండు శాతం పడేది. మొదట స్టాంపులు ఇచ్చిన దుకాణానికి గిరాకీ పెరిగింది. ఎదుటి దుకాణం వాడూ ఇవ్వడం మొదలుపెట్టాక ఇద్దరికీ గిరాకీ మామూలే, ఖర్చు మాత్రం మిగిలింది. ఆ ఖర్చు ఎక్కడికి పోతుంది? ధరలోకే పోతుంది. స్టాంపులు అంటించుకోవడానికి తీరిక లేనివాడు, పుస్తకం పోగొట్టుకున్నవాడు కూడా ఆ ధరే ఇచ్చాడు. వాడి సొమ్ముతో పక్కింటివారికి గిన్నెల సెట్టు వచ్చింది. 1970లలో ధరలు మండిపోయినప్పుడు జనం స్టాంపులు వద్దు, ధర తగ్గించమన్నారు. ఆ వ్యాపారం అక్కడితో సన్నగిల్లింది. ఇందులో కంపెనీకి మరో లాభం ఉంది. అంటించని స్టాంపులు, సొరుగుల్లో మరిచిపోయిన పుస్తకాలు అన్నీ వారికే మిగులు. నేటి కార్డు పాయింట్లలో కాలం చెల్లిపోయేవి ఈ సొరుగు పుస్తకాల వంటివే.

కార్డు రాక

ఇక కార్డు సంగతి. 1950లో న్యూయార్కులో ఫ్రాంక్ మెక్‌నమారా, ఆయన సహచరులు డైనర్స్ క్లబ్ స్థాపించారు. హోటల్లో భోజనం చేసి పర్సు మరచిపోయిన సంఘటన వల్ల ఆ ఆలోచన వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. అది ప్రచారం కోసం తర్వాత అల్లిన కథ అని చెప్పేవారూ ఉన్నారు. హోటలు వారి నుండి బిల్లులో ఏడు శాతం క్లబ్బు పట్టుకునేది. సభ్యుడు మాత్రం నెలాఖరుకు మొత్తం చెల్లించాలి, వాయిదాలు లేవు.

వాయిదాల బాట వేసినది బ్యాంక్ ఆఫ్ అమెరికా. 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి, వారు అడగకుండానే, పోస్టులో కార్డులు పంపారు. బాకీలో నూటికి నాలుగు వంతులు ఆలస్యం కావచ్చునని అంచనా వేసుకుంటే ఇరవైరెండు వంతులు ఆలస్యమైంది. దొంగతనాలు, మోసాలు కూడా జరిగాయి. అడగనివారికి కార్డు పంపరాదని అమెరికా 1970లో చట్టం చేసింది. అయినా కార్డు మాత్రం ఆగలేదు. ఆ కార్డే 1976లో వీసాగా పేరు మార్చుకుంది. దాని వెనుక బ్యాంకులకు తెలిసివచ్చిన రహస్యం ఒకటుంది. నెలనెలా మొత్తం కట్టేవాడి వలన వచ్చేది దుకాణదారుడి కమీషను మాత్రమే. కొంత కట్టి కొంత నిలిపేవాడి వలన వచ్చేది వడ్డీ, అదే పెద్ద పంట.

కార్డుకూ కొసరుకూ పెళ్ళి జరిగినది 1980లలో. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరచుగా ప్రయాణించేవారికి మైళ్ళ లెక్క పెట్టింది. 1987లో సిటీ బ్యాంకు దానితో కలిసి, కార్డుపై ఖర్చు చేసిన ప్రతి డాలరుకూ ఒక మైలు ఇచ్చింది. ఈ మధ్యలో 1986లో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ డిస్కవర్ కార్డు తెచ్చింది. దానికి వార్షిక రుసుము లేదు. పైగా ఏడాది ఖర్చులో ఒక శాతం దాకా రొక్కంగా తిరిగి ఇస్తామన్నారు. నేటి క్యాష్‌బ్యాక్ కార్డులకు దారి చూపినది అదే. మైళ్ళా, గిన్నెల సెట్టా అన్న గొడవ లేకుండా డాలరుకు డాలరు లెక్క చెప్పడం దాని సుగుణం. నా మట్టుకు నాకు ఈ మొత్తం చరిత్రలో రోచ్‌డేల్ తర్వాత మెచ్చుకోదగినది ఇదొక్కటే.

మరి ఈ ఒక శాతం ఎవరిది? 2010లో అమెరికాలోని బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. దుకాణాలు కార్డు కమీషను భారాన్ని అందరి ధరలోనూ కలుపుతాయి కనుక, రొక్కం ఇచ్చి కొనే సగటు కుటుంబం నుండి ఏడాదికి 149 డాలర్లు కార్డు వాడేవారి వైపు పోతున్నాయని, కార్డు వాడే సగటు కుటుంబానికి 1,133 డాలర్లు చేరుతున్నాయని తేల్చారు. ఆదాయం ఎక్కువగా ఉన్నవారే కార్డులు ఎక్కువగా వాడతారు గనుక బీదవాడి గంపలోనుండి కలవాడికి కొసరు పడుతున్నదన్నమాట.

మచిలీపట్నం బ్యాంకు కార్డు

మన దేశంలో 1960లలో డైనర్స్ క్లబ్ కార్డు ఉండేది గాని అది పెద్ద కంపెనీల అధికారులు, పెద్ద హోటళ్ళ వ్యవహారం. బ్యాంకుల వైపు నుండి సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 1980లో సెంట్రల్ కార్డు తెచ్చింది. ఆ వెంటనే 1981లో క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టిన ఘనత మన ఆంధ్రా బ్యాంకుది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 1980 ఏప్రిల్‌లో జాతీయం కాగా, మరుసటి ఏడాదే ఈ పనికి పూనుకోవడం గమనించదగినది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆ పేరు బోర్డులమీద నుండి పోవడం నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది, అది వేరే విషయం.

అప్పటి కార్డు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండేవి. దుకాణదారుడు దాన్ని ఒక చిన్న ఇనుప యంత్రంలో పెట్టి, పైన కార్బను చీటీ వేసి, పిడిని అటూ ఇటూ లాగితే ముద్ర పడేది. కొసరు, పాయింట్లు అన్న ఊసే తక్కువ. కార్డు ఉండడమే ఒక హోదా. నాబోటి గుమాస్తాలకు దాని అవసరమూ లేదు. మనకు కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉండేది, ఒకటో తారీఖున జీతం రాగానే చెల్లు వేయించుకునేవాళ్ళం. వడ్డీ లేని నెల గడువు అంటే అదే కదా! నలభై అయిదు, యాభై రోజుల దాకా వడ్డీ లేదని కార్డు వారు గొప్పగా చెప్పేది మన శెట్టిగారి ఖాతాకు కొంచెం పొడుగు రూపమే.

1990లో సిటీ బ్యాంకు, 1998లో స్టేట్ బ్యాంకు కార్డు సంస్థ రంగంలోకి దిగిన తర్వాత వేడి పుట్టింది. పాయింట్లు, బహుమతుల పుస్తకాలు, విమానాశ్రయాల్లో విశ్రాంతి గదులు అన్నీ వచ్చాయి. ఇటీవలి కాలంలో జరిగిన రెండు మార్పులు మాత్రం మన ఇంటి ఖర్చుకు నేరుగా తగులుతాయి. 2020 జనవరి నుండి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై దుకాణదారుడి నుండి కమీషను తీసుకోరాదని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కమీషను లేని చోట కొసరుకు సొమ్ము లేదు. బ్యాంకు ఖాతా నుండి ఫోనుతో చెల్లిస్తే చెప్పుకోదగ్గ క్యాష్‌బ్యాక్ రాకపోవడానికీ, క్రెడిట్ కార్డుకు వస్తుండడానికీ కారణం ఇదే. రెండవది, 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించడానికి రిజర్వు బ్యాంకు అనుమతించింది. దీనితో గీకే యంత్రం లేని మందుల షాపులోనూ, కూరల కొట్టులోనూ గోడమీది చదరపు గుర్తుతో క్రెడిట్ కార్డు వాడే వీలు కలిగింది. అయితే అలా చేసిన ఖర్చుకు కొసరు ఇస్తారా, ఎంత ఇస్తారన్నది బ్యాంకు బ్యాంకుకూ వేరు. అడిగి తెలుసుకోవాలి.

పెన్షనరు లెక్క

ఇంత చరిత్ర చూశాక కార్డు ఎంపిక లెక్కల పనే అవుతుంది. నెలకు రూ. 20,000 ఇంటి ఖర్చు కార్డు మీద పెట్టే పెన్షనరును ఊహించుకుందాం. ఏడాదికి రూ. 2,40,000. ఒక కార్డు అన్నిటికీ ఒక శాతం రొక్కం తిరిగి ఇస్తుంది, వార్షిక రుసుము రూ. 500 అనుకుందాం. వచ్చేది రూ. 2,400. రుసుము, దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపి పోయేది రూ. 590. మిగిలేది రూ. 1,810. రెండో కార్డు వంద రూపాయలకు రెండు పాయింట్లు ఇస్తుంది. ఏడాదికి 4,800 పాయింట్లు అంటే వినడానికి చాలా బాగుంటుంది. పాయింటు విలువ పావలా అయితే అది రూ. 1,200 మాత్రమే, రుసుము తీయకముందే. పాయింట్ల సంఖ్య చెప్పేవారిని పాయింటుకు ఎన్ని పైసలని అడగాలి. బహుమతి తీసుకునేటప్పుడు మళ్ళీ రుసుము ఉందేమో కూడా అడగాలి.

మూడో రకం ఆన్‌లైను కొనుగోళ్ళకు అయిదు శాతం, మిగిలినవాటికి ఒక శాతం ఇచ్చి, రూ. 999 రుసుము తీసుకునేది. నెలకు రూ. 3,000 ఆన్‌లైనులో కొనే ఇంట్లో దీనివల్ల ఏడాదికి రూ. 3,840 వస్తుంది, రుసుము, పన్ను పోగా సుమారు రూ. 2,660. మొదటిదానికంటే మేలే. కాని మీరు ఆన్‌లైనులో కొనకుండా, అమెరికాలో ఉన్న అబ్బాయి తన కార్డుతోనే మీకు పంపిస్తుంటే ఇదే కార్డు మీకు మిగిల్చేది సుమారు రూ. 1,220. కార్డు మారలేదు, ఇల్లు మారింది. అందుచేత ముందు మూడు నెలల ఇంటి పద్దు రాసుకుని, మందులు, కిరాణా, కరెంటు, పెట్రోలు, ఇన్సూరెన్సు వేరు వేరుగా కూడి, ఆ తర్వాతే కార్డు కాగితం చదవాలి. కరెంటు బిల్లు, ఇంటి అద్దె, ఇన్సూరెన్సు వంటివాటికి కొసరు తగ్గించడం, ఎత్తివేయడం 2023, 2024 సంవత్సరాలలో పలు బ్యాంకులు చేశాయి. పెట్రోలు సర్‌చార్జి మాఫీ అనేదాన్ని లాభం కింద రాసుకోనక్కరలేదు. కార్డు వాడినందుకు వేసిన దాన్నే తీసివేస్తున్నారు. కొన్ని నగల షాపులు, చిన్న ఆసుపత్రులు కార్డు ఇస్తే రెండు శాతం అదనం అంటాయి. అక్కడ ఒక శాతం కొసరు కోసం రెండు శాతం ఇచ్చినట్టవుతుంది. రొక్కమో, యూపీఐయో నయం.

ఇదంతా బిల్లు పూర్తిగా కట్టేవారి లెక్క. ఇరవై వేల బిల్లుకు 'కనీస మొత్తం' అని వెయ్యి రూపాయలు కట్టి పందొమ్మిది వేలు నిలిపితే, నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ రూ. 665, పన్నుతో కలిపి సుమారు రూ. 785. పైన చెప్పిన మొదటి కార్డులో అయిదు నెలల కొసరు ఒక్క నెలలో హరించుకుపోతుంది. నిజానికి ఇంకా ఎక్కువే అవుతుంది. బాకీ నిలిపినప్పుడు వడ్డీ కొన్న తేదీ నుండే లెక్కిస్తారు, కొత్తగా కొన్నవాటికీ గడువు సదుపాయం పోతుంది. మన పి.ఎఫ్. అప్పు వడ్డీ చూసినవారికి ఏడాదికి నలభై శాతం దాటే ఈ వడ్డీ నమ్మశక్యంగా ఉండదు. ముప్ఫై శాతానికి మించితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. కనుక వడ్డీ విషయంలో ఆ రక్షణ మనకు ఇప్పుడు లేదు.

కుటుంబ సభ్యులు కూడా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వయసు కారణంగా కార్డు ఇవ్వమన్న బ్యాంకు, అదే మనిషికి ఫిక్సెడ్ డిపాజిట్ హామీపై ఇవ్వవచ్చు. అయితే బాకీ పడితే ఆ డిపాజిట్‌కే ఎసరు. కార్డుదారు మరణిస్తే వెంటనే బ్యాంకుకు తెలియజేయాలి. బాకీ ఆయన ఆస్తిలోనుండి రావలసినదే గాని, వారసులు తమ సొంత సొమ్ములోనుండి కట్టనక్కరలేదు. "మీ పాయింట్లు ఈ రాత్రితో ముగుస్తాయి, ఈ లింకు నొక్కండి" అని వచ్చే సందేశాలు దొంగలవి. మన సభ్యులలో ఒకరు అటువంటిది నొక్కి, పావలా పాయింట్ల కోసం డి.ఏ. బకాయిలుగా వచ్చిన మొత్తం పోగొట్టుకున్నారు. ఆయన ఇప్పటికీ ఇంట్లో పూర్తిగా చెప్పలేదు.

అడగకుండా కార్డు ఇవ్వరాదని, వద్దని కోరితే బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసివేయాలని, ఆలస్యమైతే రోజుకు రూ. 500 చొప్పున కార్డుదారుకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. బిల్లు తేదీని కార్డుదారు కనీసం ఒకసారి తనకు అనుకూలంగా మార్చుకునే వీలు 2024లో కల్పించింది. పెన్షను ఒకటో తారీఖున పడేవారు చెల్లింపు గడువు అయిదో తారీఖు ప్రాంతంలో వచ్చేట్టు పెట్టించుకుని, పెన్షను ఖాతా నుండి నేరుగా మినహాయించుకొమ్మని బ్యాంకుకు రాసి ఇస్తే సరిపోతుంది. ఆ ఫారంలో 'కనీస మొత్తం' అని ఒక గడి, 'పూర్తి మొత్తం' అని ఒక గడి ఉంటాయి. కౌంటరులోని అమ్మాయో అబ్బాయో తొందరలో ఏ గడిలో టిక్కు పెట్టారో చూసి, అది 'పూర్తి మొత్తం' మీద ఉంటేనే సంతకం చేయండి.